మూడు కిలోల కుక్కకు పచ్చి మాంసం: అపోహలు – వాస్తవాలు

హనుమకొండ, కాజీపేట అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు షిట్జులు, పగ్గులు, పామేరియన్లు బాగానే కనిపిస్తున్నాయి. ఫోన్ వీడియోల పుణ్యమా అని వాటితోపాటు ఓ సలహా కూడా ఇళ్లలోకి వచ్చింది. ప్యాకెట్ తిండి మానేసి పచ్చి చికెన్, పచ్చి బొక్కలు, పచ్చి కార్జం పెట్టాలట. తోడేలు ఏం తింటుందో కుక్కా అదే తినాలట. ఈ పద్ధతికి ప్రచారం తెచ్చినవాడు ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్. 1993లో ఆయన రాసిన పుస్తకంతో ఇది ప్రపంచమంతా పాకింది. పెద్ద జాతుల సంగతి అలా ఉంచి, ఒళ్లో పట్టే కుక్కల దగ్గర మాత్రం ఈ సలహా మొదటి లెక్కలోనే తప్పుతుంది.

అపోహ: ఒంటి బరువులో రెండు మూడు శాతం పచ్చి మాంసం పెడితే సరిపోతుంది.

పచ్చి తిండి పెట్టేవాళ్లందరి నోటా వినిపించే సూత్రమిది. మూడు కిలోల కుక్కకు దీని ప్రకారం రోజుకు 60 నుంచి 90 గ్రాములు. స్కిన్‌లెస్ చికెన్ 90 గ్రాములంటే నూరు, నూటపది కేలరీలు. ఎదిగిన మూడు కిలోల కుక్కకు రోజుకు దాదాపు 200 నుంచి 250 కావాలి. అంటే సగం కడుపే. ఒళ్లు చిన్నదయ్యేకొద్దీ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, ఒంటి వేడి త్వరగా బయటికి పోతుంది. అందుకే టాయ్ బ్రీడ్ కుక్క కిలో బరువుకు ల్యాబ్రడార్ కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి ఖర్చు చేస్తుంది. పోనీ, కొవ్వు ముక్కలు, స్కిన్ కలిపి ఆ లోటు పూడ్చుదామంటే క్లోమం వాచే ప్రమాదం ఉంది. యార్క్‌షైర్ టెర్రియర్ లాంటి చిన్న జాతుల్లో ఆ బెడద మరీ ఎక్కువ.

లెక్కలో ఇంకో మెలిక ఉంది. మన దగ్గర ‘పామేరియన్’ అనే పేరుతో పెరుగుతున్న వాటిలో చాలా మట్టుకు ఇండియన్ స్పిట్జ్‌లు. అసలు పామేరియన్ మూడు కిలోలు దాటడం తక్కువ, స్పిట్జ్ దానికి రెండింతలు, అంతకు మించీ తూగుతుంది. పేరు చూసి కాదు, తూకం వేసి తిండి పెట్టాలి.

అపోహ: కుక్క అంటే తోడేలే, అన్నం దానికి అరగదు.

మన పల్లెల్లో ఊరకుక్కలు తరతరాలుగా గంజి, చద్దన్నం తిని బతికాయి. దీని వెనకున్న సంగతిని 2013లో స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ ఆక్సెల్‌సన్ బృందం ‘నేచర్’ పత్రికలో బయటపెట్టింది. పిండి పదార్థాన్ని అరిగించే ఏఎంవై2బీ (AMY2B) జన్యువుకు తోడేలులో రెండే ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. మనిషి పక్కన చేరాక కుక్క కడుపు మారిపోయింది.

తోడేలు పోలికతో వచ్చిన మరో అలవాటు ఇంకా ప్రమాదకరం. వారానికో రోజు ఉపవాసం ఉంచమని కొందరు చెబుతారు. నాలుగు నెలలు నిండని టాయ్ బ్రీడ్ కూనకు కొన్ని గంటలు తిండి లేకపోయినా రక్తంలో చక్కెర పడిపోవచ్చు. వణుకుతుంది, తూలుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అప్పుడు చిగుళ్లకు కాస్త తేనె రాసి, వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.

అపోహ: పసుపు, ఉప్పు వేసి కడిగితే, లేదా రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చస్తాయి.

చావవు. కడిగితే ఆ నీళ్లు సింకులోకి, పక్కనున్న గిన్నెల మీదికి చిందుతాయి, అంతే. ఫ్రీజర్ కొన్ని పరాన్నజీవులను చంపుతుందేమో గానీ, సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటి బ్యాక్టీరియాను నిద్రపుచ్చుతుంది తప్ప చంపదు. అమెరికా ఎఫ్‌డీఏ 2010–12 మధ్య పెంపుడు జంతువుల పచ్చి ఆహార నమూనాలు 196 పరీక్షిస్తే 15 నమూనాల్లో సాల్మొనెల్లా, 32 నమూనాల్లో లిస్టీరియా దొరికాయి. అవి ప్యాక్ చేసి అమ్మిన సరుకు. 40 డిగ్రీలు దాటిన మే నెలలో, మధ్యాహ్నం దాకా షాపు బల్ల మీదున్న మెడలూ కాళ్లూ ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

‘కుక్క కడుపులో ఆమ్లం అన్నింటినీ చంపేస్తుంది’ అన్నది సగం నిజం. కుక్క పైకి బాగానే కనిపిస్తూ పెంటలో సాల్మొనెల్లాను విసర్జిస్తుంటుంది. అదే నోటితో పిల్లల మొహం నాకుతుంది, నాయనమ్మ దుప్పట్లో దూరి పడుకుంటుంది.

కుక్కకూ పూర్తి రక్షణ లేదు. పచ్చి చికెన్‌లో ఉండే కాంపైలోబాక్టర్ క్రిమికీ, కాళ్లు పడిపోయే ఓ నరాల జబ్బుకూ సంబంధం ఉందని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పశువైద్యులు 2018లో చూపించారు. జబ్బుపడిన 27 కుక్కలను జబ్బులేని 47 కుక్కలతో పోల్చి చూస్తే, జబ్బుపడిన వాటిలో ఈ క్రిమి ఉండే అవకాశం తొమ్మిది రెట్లకు పైగా ఉందని తేలింది. ఆ జబ్బు చిన్న జాతుల్లోనే ఎక్కువ కనిపించింది. 2025 మొదట్లో పుణెలో మనుషులను భయపెట్టిన నరాల జబ్బు గిలాన్-బారే సిండ్రోమ్ (జీబీఎస్)కు ఇది కుక్కల్లో కనిపించే రూపం.

అపోహ: ఉడికిన ఎముకే చీలుతుంది, పచ్చి ఎముక మంచిది, పళ్లూ శుభ్రపడతాయి.

ఉడికిన ఎముక చీలుతుందన్నది నిజమే. పచ్చి ఎముక కొరికితే గార కొంత రాలుతుందన్నదీ నిజమే. కానీ ఇరుకు దవడలో కిక్కిరిసిన ఆ చిన్న పళ్లు విరిగితే? సన్నటి అన్నవాహికలో కోడి మెడ ముక్క అడ్డం పడితే? పళ్లకు బ్రష్ ఉంది, కుక్కల పేస్టు ఉంది.

ఎముక మానేసి మెత్తటి మాంసం ఒక్కటే పెట్టడం ఇంకో తప్పు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం నామమాత్రం. ఒళ్లు ఆ లోటును సొంత ఎముకల్లోంచి లాక్కుంటుంది. సోఫా మీంచి దూకినా కాలు విరిగే కూనలు అలా తయారవుతాయి. ఎదిగిన మూడు కిలోల కుక్కకు రోజుకు గ్రాము లోపు కోడిగుడ్డు పెంకు పొడి చాలు. కూనలకు లెక్క వేరు. మామునూరులో పశువైద్య కళాశాలే ఉన్న ఊరు మనది, ఈ లెక్కల కోసం వీడియోలను నమ్ముకోవాల్సిన పని లేదు.

అపోహ: పచ్చి కార్జం బలం.

మేక, గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు ఉండొచ్చు. అవి ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు పిల్లదశ. కుక్క వాటిని పచ్చిగా తింటే పేగుల్లో కొద్ది మిల్లీమీటర్ల పురుగులు పెరిగి, వారాల్లోనే పెంటలో గుడ్లు రాలుస్తాయి. ఆ గుడ్లు బొచ్చుకు అంటుకుని మన చేతికి, నోటికి చేరితే తిత్తి మన కాలేయంలో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పెరుగుతుంది. దేశంలో ఈ హైడాటిడ్ జబ్బు ఎక్కువున్న ప్రాంతాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పేరు పాత వైద్య రచనల్లో తరచూ వస్తుంది. కార్జాన్ని ముక్కలు చేసి అరగంట ఉడికిస్తే ఈ భయం ఉండదు. నులిపురుగుల మందు మామూలుగా వేయించేటప్పుడు అందులో బద్దెపురుగుకు పనిచేసే ప్రాజిక్వాంటెల్ ఉందో లేదో అడగాలి.

ఇక పచ్చి మాంసం తింటే కుక్క రక్తం మరిగి మనుషులను కరుస్తుందన్న మాట ఉత్తదే. కరవడం భయం నుంచి, నొప్పి నుంచి, పెంపకం నుంచి వస్తుంది. పచ్చి తిండిని వద్దనడానికి ఇలాంటి అబద్ధం అవసరం లేదు.

అపోహ: అయితే మనం తినే కూరన్నమో, పెరుగన్నమో పెడితే ఏ గొడవా ఉండదు.

పెరుగన్నం అరుగుతుంది గానీ, అదొక్కటే పెడితే మాంసకృత్తులు చాలవు. కూరతో వచ్చే ముప్పు ఉల్లి. కిలో బరువుకు 15 గ్రాముల ఉల్లి చాలు కుక్క ఎర్ర రక్తకణాలు దెబ్బతినడానికి. మూడు కిలోల దానికి ఒక చిన్న ఉల్లిపాయ సరిపోతుంది. ఉడికించినా, వేయించినా ఆ విషం పోదు. అందుకే కుక్క వాటా ముక్కలు పొయ్యి మీద ఉల్లి పడకముందే, ఉప్పూ కారం లేకుండా విడిగా ఉడికించి తీసిపెట్టాలి. ఇన్నాళ్లూ పచ్చిది తిన్న కుక్కైతే వారం రోజులపాటు కొద్దికొద్దిగా మార్చాలి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి.