ఇరవై ఏడు కార్తెల ఏడాది

తెలుగు రైతు ఏడాదిని 27 కార్తెలుగా లెక్కిస్తాడు. అశ్విని మొదలు రేవతి దాకా ఉన్న నక్షత్రాల్లో సూర్యుడు దేనిలో ఉంటే అప్పుడు ఆ కార్తె నడుస్తున్నట్టు. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు ఉంటుంది. దుక్కి, విత్తనం, నాటు, కోత మొదలుకొని ఊరగాయ జాడీ దాకా పొలం పనులకూ ఇంటి పనులకూ పాతకాలంలో ఇదే ఆనవాలు.

తిథులు, మాసాలు ఉండగా ఈ లెక్క వేరే ఎందుకంటే, తెలుగువారి మాసాలు చాంద్రమానానివి. పన్నెండు చాంద్రమాసాలకు దాదాపు 354 రోజులే. ఏటా పడే పదకొండు రోజుల తరుగును రెండున్నర, మూడేళ్లకోసారి వచ్చే అధిక మాసం పూడుస్తుంది. అందుకే ఉగాది ఒక ఏడు మార్చిలో వస్తే మరో ఏడు ఏప్రిల్‌లో వస్తుంది. ఎండావానలు మాత్రం సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి. కార్తె కూడా అంతే. మృగశిర ఏటా జూన్ 7, 8 తేదీల్లోనే ప్రవేశిస్తుంది. పండుగలకు చంద్రుణ్ణి, సేద్యానికి సూర్యుణ్ణి నమ్ముకున్న ఏర్పాటు ఇది.

మే నెల కృత్తిక, రోహిణి కార్తెలది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండనే ఇల్లాళ్లు పనికి పెట్టుకుంటారు. వడియాలు పెట్టడం, మిరపకాయలు ఎండబెట్టడం, టెంక ముదిరిన పుల్లటి మామిడికాయతో ఆవకాయ కలపడం తొలకరి లోపే అయిపోవాలి. గాలిలో తేమ చేరితే వడియం ఎండదు, ముక్కకు బూజు పడుతుంది.

మృగశిరతో నైరుతి రుతుపవనాలు తెలుగు నేలను తాకుతాయి. తెలంగాణలో దీన్ని మిరుగం అంటారు. ఆ రోజు చేపల కూర తినడం, ఇంగువ కలిపిన బెల్లం మింగడం ఆనవాయితీ. ఆ వెంటనే వచ్చే ఆరుద్రలో తొలి వానలకు నేల మెత్తబడగానే ఎర్రటి మఖమల్ గుడ్డ తొడిగినట్టుండే ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. పురుగు అంటారు గానీ దానికి ఎనిమిది కాళ్లు. అది సాలీడు, తేలు కోవకు చెందిన జీవి. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే గడిపి, వాన పడ్డాక కొద్దిసేపు పైకి వచ్చి చిన్న పురుగులను, వాటి గుడ్లను తింటుంది. అది కనబడిందంటే నేల లోపలి దాకా తడిసిందని రైతు గుర్తు.

పునర్వసు, పుష్యమి, ఆశ్లేషలు నారుమళ్ల, నాట్ల కాలం. ఆగస్టులో వచ్చే మఖ, తర్వాతి పుబ్బ వానలపైనే మెట్ట పంటల బతుకు. అప్పటికీ వాన ముఖం చాటేస్తే మిగిలిన ఆశ సెప్టెంబరు నడుమ వచ్చే ఉత్తర. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెత వలసబాట పట్టమని చెబుతుంది. అందులో హాస్యం లేదు, కరువు జ్ఞాపకం ఉంది.

అక్టోబరు నుంచి కోస్తాకు ఈశాన్య రుతుపవనాలతో పాటు తుపాను భయం మొదలవుతుంది. వరి పొట్ట మీద, ఈనిక మీద ఉండే చిత్త, స్వాతి కార్తెలు, కోతకు వచ్చే విశాఖ, అనూరాధలు ఈ కాలానివే. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ రోజుల్లోనే వచ్చాయి.

చలికాలపు కార్తెల్లో వానతో పని తక్కువ. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందే చేలో మినుములు, పెసలు చల్లుతారు. కోత అయ్యాక అవి నేలలో మిగిలిన పదునుతో, రాత్రి కురిసే మంచుతో ఎదుగుతాయి. ఉత్తరాషాఢలో సంక్రాంతి వస్తుంది. ఆ రోజుల్లోనే మామిడి పూత కనబడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ, ఆపైన వేప పూస్తాయి.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడం వల్ల నక్షత్రాల లెక్క రుతువుల నుంచి 72 ఏళ్లకు సుమారు ఒక రోజు జరుగుతుంది. సూర్యుడు నిజంగా ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లోనైనా మకర సంక్రాంతి జనవరి నడుమ రావడానికి కారణం ఇదే. ఈ లెక్కన వెయ్యేళ్లకు రుతువు ఒక కార్తె మేర పక్కకు జరుగుతుంది. ఒక మనిషి జీవితకాలంలో ఈ తేడా తెలియదు.

కార్తె అనేక తరాల సగటు అనుభవమే తప్ప ఈ ఏటి వాన జాడ చెప్పలేదు. మృగశిర వచ్చిందని పొడి దుక్కిలో గింజ వేస్తే మొలక ఎండిపోవచ్చు. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిశాకే పత్తి వంటి వర్షాధార పంటలు విత్తుకోవాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. దుక్కి, విత్తనం, ఎరువు సిద్ధం చేసుకోవడానికి కార్తె చూడాలి. గింజ వేయడానికి మాత్రం నేలలో పదును, వాతావరణ శాఖ సూచన చూడాలి.