గణనదానము – సాధన పరివర్తనము : గోరంట్ల సీమనుండి యొక పరిశీలనము

ఒక మహాగణనమును అనేక భాగములుగా విభజించి, దూరదేశములందలి సామాన్యుల కంప్యూటర్లకు పంచి, వారు ప్రతిఫలము కోరక చేసి పంపిన ఫలితములను ఒకచోట కూర్చు పద్ధతి గడచిన మూడు దశాబ్దములలో శాస్త్రపరిశోధనమున స్థిరపడినది. దీనిని మేమీ వ్యాసమున గణనదానమని వ్యవహరించుచున్నాము. శ్రమదానమను మాట మనకు సుపరిచితమగుటచే ఈ పేరు అర్థమును సులభముగా నిచ్చునని మా తలంపు. దాతలు అలవాటుపడిన సాఫ్ట్‌వేరును విడిచి క్రొత్తదానికి మారవలసి వచ్చినప్పుడు ఏది మారవచ్చును, ఏది మారరాదు అనునదే ఇచ్చట విచారణీయాంశము.

ఈ విచారమునకు గోరంట్ల సీమ చెరువుల వ్యవస్థ తగిన ఉపమానము. పూర్వపు అనంతపురము జిల్లాలోనిదై, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన ఈ ఊరున్న పీఠభూమిలో ఏటి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టి చోట చెరువు ఒక్కని చేతిమీదుగా నిలుచునది కాదు. చెరువు కట్టినవానికి, మరమ్మతు చేయువానికి దశబంధమను మాన్యముండెడిది. నీరుగంటి వంతుల ప్రకారము మడులకు నీరు పంచెడివాడు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనము (1369) వేయిమంది పనివారును, నూరు బండ్లును రెండేండ్లు పనిచేసిన వైనమును రాతిపై నిలిపినది. పని, పంపకము, లెక్క అను మూడును కుదిరిననే ఉమ్మడిశ్రమ నిలుచును. గణనదానమునకును ఇవియే ఆధారములు.

1999 మే 17న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖవారు సెటి ఎట్ హోమ్ అను పథకమును ప్రారంభించిరి. అరెసీబో రేడియో దూరదర్శినికి అందిన సంకేతములలో అన్యగ్రహజీవుల జాడ యేమైన నున్నదా యని వెదకుట దాని పని. లక్షలాది జనులు దానిలో చేరిరి. కాని ఆ సాఫ్ట్‌వేరు ఆ ఒక్క పనికే కట్టుబడినది. గణనవిధానమును సవరించినప్పుడెల్ల దాతలందరును క్రొత్త ప్రతిని దింపుకొనవలసి వచ్చెడిది. పథకపు కేంద్రము నిలిచిపోయిన దాత యంత్రము ఊరక యుండెడిది. లెక్క పెంచుకొనుటకై దొంగఫలితములు పంపినవారును లేకపోలేదు. ఒక్కొక్క చెరువునకు ఒక్కొక్క కాలువ త్రవ్వినట్లుండెను ఆ ఏర్పాటు.

ఈ లోపములను తీర్చుటకే డేవిడ్ ఆండర్సన్ నాయకత్వమున 2002లో బోయింక్ అను సాఫ్ట్‌వేరు నిర్మాణమారంభమైనది. ఇందు కాలువ అందరిది; నీరు మాత్రము వేర్వేరు చెరువులది. దాత తన యంత్రశక్తిలో ఏ పథకమునకు ఎంత వంతు చెందవలెనో తానే నిర్ణయించును. ఒకే పనిముక్కను ఇద్దరు దాతలకు పంపి, ఫలితములు సరిపోలిననే గ్రహించు వీలు కలదు. గణనకార్యక్రమము మారినచో క్రొత్త ప్రతి తానై వచ్చును. అది నిజముగా పథకమువారిదే యని తెలుపు సంకేతముద్రయు దానిపై నుండును.

ఈ పరివర్తనము మన సీమకు సన్నిహితమైన మరియొక పథకమున స్పష్టముగా కాననగును. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారి క్లైమేట్ ప్రిడిక్షన్ పథకము 2003 సెప్టెంబరులో సొంత సాఫ్ట్‌వేరుతో ఆరంభమై, 2004 ఆగస్టులో బోయింక్‌లోనికి మారినది. ఇందొక్కొక్క దాత పని 45 ఏండ్ల శీతోష్ణస్థితిని అరగంట కొక మెట్టుగా లెక్కించుట. ఇంటి కంప్యూటరునకు ఇది వారముల తరబడి సాగు పని. కావున పని ముగియకమునుపే ఎంతవరకు జరిగినదో కేంద్రమునకు తెలుపు చిన్న సమాచారములకు బోయింక్‌లో చోటు కల్పింపబడినది. వానినిబట్టి దాతకు నడుమనే లెక్క చేరును. పంటకాలమంతయు వేచియుండక కోసిన పనకు పన లెక్క వ్రాసినట్లన్నమాట.

2005 జనవరిలో నేచర్ పత్రికయందు వెలువడిన ఈ పథకపు తొలి ఫలితములు రెండువేలకు పైగా గణనములపై ఆధారపడినవి. గాలిలో బొగ్గుపులుసు వాయువు రెట్టింపైనచో భూమి యెంత వేడెక్కునన్న ప్రశ్నకు అవి సుమారు 2 డిగ్రీల నుండి 11 డిగ్రీలకు పైగా విస్తృతమైన అవధిని చూపినవి. అయితే ఆ నమూనాలో భూమిని విభజించిన ఒక్కొక్క గడి మన అక్షాంశమున ఉత్తరదక్షిణములుగా సుమారు 275, తూర్పుపడమరలుగా సుమారు 400 కిలోమీటర్లు. అది విస్తీర్ణమున రాయలసీమకంటెను పెద్దది. అందు చిత్రావతి కానరాదు, గోరంట్ల కానరాదు. తరువాతి కాలమున దక్షిణాసియాకై వచ్చిన ప్రాంతీయ నమూనాలో గడి సుమారు 50 కిలోమీటర్లకు తగ్గినది. ఈ సూక్ష్మతర నమూనా దాతల యిండ్లకు చేరినది బోయింక్ ద్వారానే. సాధనమును ఉమ్మడి చేసిన ప్రయోజనమిది: పని మారినను కాలువ మరల త్రవ్వనక్కరలేదు.

ఇక లెక్క మాట. సెటి పథకము 2004 జూన్ 22న బోయింక్‌లో ఆరంభమైనను, పాత ఏర్పాటు 2005 డిసెంబరు 15 వరకు సాగినది. సుమారు ఏడాదిన్నర రెండు కాలువలును పారినవి. పాతలెక్క పూర్తిచేసిన పనిముక్కల సంఖ్య. క్రొత్తలెక్క యంత్రము చేసిన గణనపరిమాణము. కొలత వేరగుటచే పాతలెక్కను క్రొత్తదానిలో కలుపలేదు. దాత పేరున వేరుగా చూపిరి. ఏండ్ల తరబడి పనిచేసిన దాతలకిది కష్టముగా తోచుట సహజము. కాని పుట్లను శేర్లతో కూడి ఒకే మొత్తము చెప్పినచో ఆ లెక్క అబద్ధమగును. పాతదానిని చెరిపినచో కృతఘ్నత యగును. రెంటిని తప్పించినది వారు అనుసరించిన మార్గమే యని మా అభిప్రాయము.

అందరును మారలేదన్నది నిజము. క్రొత్త సాఫ్ట్‌వేరును అమర్చుకొను శ్రమకు వెనుదీసిన వారిని పథకము కోల్పోయినది. పరివర్తనమునకిది తప్పని వెల. అయినను దాని ఫలము 2020 మార్చి 31న తెలిసినది. నాడు సెటి పథకము క్రొత్తపని పంచుట మానెను. పాత ఏర్పాటే యుండినచో దాతల యంత్రములు ఆనాటితో నిలిచిపోయెడివి. బోయింక్‌నకు మారియున్న దాతలు అదే సాఫ్ట్‌వేరుతో ఐన్‌స్టైన్ ఎట్ హోమ్, రొసెట్టా ఎట్ హోమ్ వంటి ఇతర పథకములకు తమ వంతును మరల్చుకొనగల్గిరి.

కావున సాధనము మారవచ్చును, గణనవిధానము మారవచ్చును; దాత స్వేచ్ఛయు, అతడు చేసిన పని లెక్కయు మారరాదు. చెరువు పూడినను శాసనము దాతను చెప్పుచునే యుండును. తెలుగున నిఘంటువులకును గ్రంథముల అక్షరీకరణమునకును ఇట్టి ఉమ్మడిశ్రమను కూర్పనెంచు పరిశోధకులు క్రొత్త సాఫ్ట్‌వేరును ఎంచుకొనుటకు ముందే ఈ రెండు నియమములను వ్రాసికొనుట యుక్తము.