డ్రిల్లు మేస్టారికీ ఇల్లుంది

అమెరికా కాలేజీల్లో ఆట నేర్పే కోచ్ వేరు, గాయాలు చూసే అథ్లెటిక్ ట్రైనర్ వేరు. ఆ ట్రైనర్లకి 1950 నుంచే జాతీయ సంఘం ఉంది. అరకు ఘాట్ కింద శృంగవరపుకోటలోనైనా, మన వైపు మరే ఊళ్లోనైనా, డిగ్రీ కాలేజీలో ఆ రెండు పనులూ సాధారణంగా ఫిజికల్ డైరెక్టర్ నెత్తినే ఉంటాయి. ఆయన గురించి మనం అలవాటుగా అనేసే మాటలు కొన్ని సరిచేసుకోవాలి.

అపోహ: ఆటల మనిషి, ఒళ్లు గట్టిది. ఆయనకి టెన్షనేంటి?

వాస్తవం: మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామం నేర్పిన ప్రాంతం కదా, డ్రిల్లు మేస్టారంటే మనకి కండలే కనిపిస్తాయి. యూజీసీ 2018 నిబంధనలూ ఒంటిని కొలుస్తాయి: ఈ ఉద్యోగానికి వచ్చే 30 ఏళ్లలోపు మగవాడు 12 నిమిషాల్లో 1800 మీటర్లు దాటాలి. చేరిన పదేళ్లకి ఎంత అలిసిపోయాడో చూసే పరీక్ష మాత్రం లేదు. వ్యాయామం ఒత్తిడి తగ్గిస్తుంది, నిజమే. ఎండలో విజిల్ పట్టుకుని పిల్లలచేత చేయించడం తనకి వ్యాయామం కాదు.

అపోహ: పాఠం లేదు, పేపర్లు దిద్దేది లేదు. ఖాళీ ఉద్యోగం.

వాస్తవం: పోటీలున్న రోజు ఆయన వెంట ఉండి చూడండి. అర్హత పత్రాల మీద సంతకాలు, జెర్సీలు, బస్సు, భోజనాలు, ఐసు, క్రేప్ బ్యాండేజీ. కబడ్డీలో ఒకమ్మాయికి చీలమండ బెణికితే ఐసు పెట్టేదీ, కట్టు కట్టేదీ, ఆస్పత్రికి మోసుకెళ్లేదీ ఆయనే. తిరుగు ప్రయాణంలో ఫోన్లు మొదలవుతాయి: "మా గుంట బస్సెక్కిందా మేస్టారూ?" కొండ మీది ఊళ్లకి ఆఖరి బస్సు దాటిపోతే ఆ పిల్లని ఎక్కడ ఉంచాలన్న బెంగా ఆయనదే. ఇల్లు చేరేసరికి సొంత పిల్లలు నిద్రపోయి ఉంటారు. ఆగస్టు 15, జనవరి 26 మనకి సెలవులు. ఆయనకి వారాల తరబడి కవాతు సాధన. ఇంత చేసినా గుర్తింపు దక్కదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మనందరికీ తెలుసు. ఆమెకి తొలి పాఠాలు చెప్పిన నీలంశెట్టి అప్పన్న పేరు ఎందరికి గుర్తుంది?

అపోహ: ఇల్లూ ఉద్యోగమూ కుదరకపోవడం పిల్లలున్న ఆడవాళ్ల సమస్య.

వాస్తవం: అమెరికా కాలేజీ ట్రైనర్ల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో ఆడా మగా, పెళ్లయినవారూ కానివారూ అన్న తేడా లేకుండా అందరిలోనూ ఈ నలుగుడు కనిపించింది. మూలం పని గంటల్లో, ప్రయాణాల్లో ఉంది. అయితే మన ఇళ్లల్లో మేడమ్ గ్రౌండు నుంచి వచ్చాక పొయ్యి కూడా ఆమే వెలిగించాలి. ఆ అదనపు బరువుని తక్కువ చేసి చూడకూడదు.

అపోహ: నాలుగు రోజులు సెలవు పెడితే సర్దుకుంటుంది.

వాస్తవం: ఇలా పనితో లోపల్నుంచి అలిసిపోవడాన్ని బర్నవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బుల కింద చేర్చలేదు, అదుపు చేయకుండా వదిలేసిన ఉద్యోగ ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. ఓపిక అడుగంటడం, పని మీద విరక్తి, తన వల్ల ఏమీ కావడంలేదన్న దిగులు దాని గుర్తులు. తిరిగొచ్చేసరికి అదే పని అలాగే ఉంటే సెలవేం చేస్తుంది?

ప్రిన్సిపాల్ గారూ, ఆదివారం పోటీకి పంపితే బదులు సెలవు కాగితం మీద రాసివ్వండి. జట్టు వెంట ఇంకో అధ్యాపకుణ్ణి పంపండి. మేస్టారూ, రాత్రిళ్లు నిద్ర పట్టక, పొద్దున్నే గ్రౌండంటే మనసు రాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.