ఉమ్మడి పేజీలు, ఎవరి ఇష్టం వారిది



మన ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్లో పది మండీలు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. అందరి దగ్గరా ఒకే ధరల పట్టీ ఉంటే పది కాగితాలెందుకు? ఒక్కటి గోడకు అంటిస్తే చాలు. ధర దిద్దుకోదలచినవారు మాత్రం నకలు తీసుకుని, అందులోనే దిద్దుకోవాలి.

కంప్యూటర్లను నడిపించే లైనక్స్ కూడా ఇదే పని చేస్తుంది. మెమరీని అది పేజీలుగా విభజిస్తుంది. సాధారణంగా ఒక్కో పేజీ 4096 బైట్లు. వేర్వేరు ప్రోగ్రాముల్లో అచ్చంగా ఒకేలా ఉన్న పేజీలను వెతికి, ఒక్కటే ఉంచి, మిగతా చోటు ఖాళీ చేస్తుంది. 2009లో వచ్చిన ఈ ఏర్పాటు పేరు కె.ఎస్.ఎం.

మరి అందరి పేజీలనూ కలిపేస్తుందా? లేదు, ఒప్పుకున్నవారివే. మొదట్లో, మెమరీలో ఏ భాగం కలపవచ్చో ప్రోగ్రాంలోనే రాయాల్సి వచ్చేది. 2023లో వచ్చిన లైనక్స్ 6.4తో, ఒక ప్రోగ్రాం మొత్తానికి ఒకేసారి ఒప్పుదల ఇవ్వవచ్చు. దాని నుంచి పుట్టే పిల్ల ప్రక్రియలకూ అది వర్తిస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? ఉమ్మడి పేజీలో రాయబోతే నకలు తీయాలి గనుక కాస్త ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి, పక్కవారి మెమరీలో ఏముందో పసిగట్టవచ్చని పరిశోధకులు నిరూపించారు. పైగా ఒకేలాంటి పేజీలను వెతకడానికి ప్రాసెసర్ శ్రమపడాలి.

కనుక యంత్రమంతా ఒకే యజమానిదైతే కలుపుకోండి, చోటు మిగులుతుంది. పరాయివారితో పంచుకునే యంత్రమైతే, రహస్యాలున్న ప్రోగ్రాంను విడిగానే ఉంచండి. పొత్తు నమ్మకమున్న చోటే మేలు.