శాంతినికేతన వసంతోత్సవము

ఫాల్గుణ మాసము వచ్చినతోడనే మన పాఠశాల పిల్లల తలిదండ్రులలో ఒక ప్రశ్న బయలుదేరును. "పరీక్షలు దగ్గరపడుచుండగా పిల్లలకు ఈ పాటల అభ్యాసమేల? ఆ గంటను గణితమునకు ఈయరాదా?" అని కొందరు నన్ను అడిగిరి. వారి ఆదుర్దా సహజమైనదే. సమాధానము చెప్పుటకు ముందు, ఒక విద్యాలయమున వసంతకాలపు గానోత్సవ మొకటి ఎట్లు పుట్టి పెరిగినదో వివరింతును.

వంగదేశమున బీర్భూము జిల్లాలోని బోల్పూరు సమీపమున దేవేంద్రనాథ ఠాకూరు 1863లో కొంత భూమిని సంపాదించి ఆశ్రమము నెలకొల్పెను. అదియే శాంతినికేతనము. ఆయన కుమారుడు రవీంద్రనాథుడు 1901 డిసెంబరులో అచ్చట ఒక చిన్న పాఠశాలను తెరచెను. మొదట చేరిన విద్యార్థులు ఐదుగురే. చెట్లనీడలే తరగతి గదులు. మండువేసవి, తొలకరి, శరత్తు, మంచుకాలము పిల్లల కన్నులయెదుటనే వచ్చి పోవుచుండెను. ఋతువులను పుస్తకములో చదువుటకు ముందు వారు కన్నులార చూచుచుండిరి.

ఇట్టిచోట ఋతువుల పండుగ పుట్టుట వింత కాదు. వింత యేమనగా, దానిని మొదలిడినది పెద్దలు కారు, ఒక బాలుడు. రవీంద్రుని కడగొట్టు కుమారుడు శమీంద్రనాథుడు 1907 వసంతారంభమున తోటి పిల్లలను కూడగట్టి ఋతూత్సవము జరిపెను. బాలురు వసంతము, వర్షము, శరత్తు వేషములు ధరించిరి. శమీంద్రుడు వసంతుని వేషము వేసెను. తల్లి 1902లోనే గతించెను. ఆ యేడే నవంబరులో ముంగేరులో విషూచి సోకి, పదునొకండేండ్లయినను నిండకమునుపే ఆ బాలుడును కన్నుమూసెను. తండ్రి దుఃఖము చెప్పనలవి కాదు. అయినను కుమారుడు నాటిన మొక్కను ఎండనీయలేదు. తరువాతి కాలమున ఆయన ఋతువులపై రచించిన గీతములును, నాటకములును ఆ ఉత్సవమునకు ఎరువై నిలిచెను.

1915లో రచించిన 'ఫాల్గుణి' నాటకము వసంతమునకు సంబంధించినదే. మొదట శాంతినికేతనమున ఆడిరి. 1916లో కలకత్తాలో ప్రదర్శించి, వచ్చిన ధనమును బాంకురా కరువు బాధితుల కిచ్చిరి. ఆ నాటకములో రవీంద్రుడు అంధగాయకుని పాత్ర ధరించెను. 1923లో 'వసంత' అను గీతనాటకమును వెలువరించి, అప్పుడు చెరసాలలో నున్న యువకవి కాజీ నజ్రుల్ ఇస్లామునకు అంకితమిచ్చెను. వసంతోత్సవమనగా రంగులు చల్లుకొనుట మాత్రమే కాదని ఈ రెండు సంగతులే చెప్పుచున్నవి.

క్రమముగా ఈ ఉత్సవము కాముని పున్నమనాడు జరుగు ఆచార మేర్పడినది. ఉదయమున విద్యార్థినీ విద్యార్థులు పసుపువన్నె వస్త్రములు ధరించి, పువ్వులు ముడుచుకొని, పాడుచు నాట్యమాడుచు ఊరేగుదురు. పిదప సభలో రవీంద్రుని వసంతగీతములు పాడుదురు. తరువాత పొడి గులాలు చల్లుకొందురు. బురదనీళ్ళు, వెకిలిచేష్టలు అచ్చట లేవు. సాయంకాలము నృత్యనాటకము జరుగును. రవీంద్రుని పాటలకు స్వరలిపి వ్రాసి, పిల్లలకు నేర్పి, వానిని చెడకుండ కాపాడినవారిలో ఆయన అన్నగారి మనుమడు దినేంద్రనాథుడు ముఖ్యుడు.

ఈ కథలో తెలుగువారికిని పాలు కలదు. పిఠాపురపు వైణికులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి వీణ విని రవీంద్రుడు ముగ్ధుడై వారిని శాంతినికేతనమునకు ఆహ్వానించెను. రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి గారలు అచ్చట చదివినవారే. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె కళాశాలలో బసచేసినప్పుడే రవీంద్రుడు 'జనగణమన'ను ఆంగ్లములోనికి అనువదించెను.

1921లో విశ్వభారతిగా విస్తరించిన ఆ సంస్థ 1951లో కేంద్ర విశ్వవిద్యాలయమైనది. పేరుతోపాటు వచ్చు జనమును పెరిగిరి. వేలకొలది యాత్రికుల త్రొక్కిడిలో పిల్లల పాట వినబడుటయే కష్టమైనది. 2020లో కోవిడ్ వ్యాధి భయముచే ఉత్సవము ఆగిపోయెను. అటుపిమ్మట పున్నమనాడు కాక వేరొకనాడు, విద్యార్థులకును అధ్యాపకులకును పరిమితముగ జరిపిన సందర్భములు కలవు. 2023లో శాంతినికేతనము యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరినది. చూడవచ్చిన వారికొరకు పుట్టిన పండుగ కాదది. పాడు పిల్లలకొరకు పుట్టినది. ఆ మాట మరచిన నాడు ఏ ఉత్సవమైనను సంతగా మారును.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. మన పిల్లలకు వీధిలో కన్నడము, ఇంట తెలుగు. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష. దానిని చక్కగ నేర్వవలసినదే. కాని నిరుడు ఉగాది అభ్యాసమునాడు ఏడవ తరగతి బాలిక యొకతె తెలుగు పాటను కన్నడ లిపిలో వ్రాసికొని పాడుట చూచితిని. మొదట మనసు చివుక్కుమన్నది. కాని ఆమె ఉచ్చారణలో ఒక్క తప్పును లేదు! ఆ పాటను నాయనమ్మ నేర్పినదట. పది దినములలో ఆ బాలికయే తన పాటను తెలుగు లిపిలో వ్రాసి తెచ్చి నాకు చూపినది. నేను ఒత్తి చెప్పలేదు. పాటయే ఆమెను అక్షరముల యొద్దకు నడిపించినది.

కావున వారమునకు ఒక్క గంట గానమును తీసివేయవలదని పాఠశాల సంఘము వారిని కోరుచున్నాను. గణితమునకు కావలసిన అదనపు గంటను శనివారము ఉదయమున నేనే చెప్పెదను. తలిదండ్రులను కోరునది ఒక్కటే. మీ ఇండ్లలో అమ్మమ్మలు, తాతయ్యలు ఎరిగిన జోలపాటయో, మంగళహారతియో, నాట్లపాటయో ఒక్కటి మీ బిడ్డకు నేర్పి పంపుడు. వచ్చు ఉగాదికి అద్దె వాద్యబృందము వలదు, యంత్రపు పాట వలదు. మన పిల్లలే పాడుదురు. మనము కూర్చుండి విందము.