ధ్రువుడు కనిపించని ఆకాశము - మా ఛాయాచిత్రములు

గడచిన ఉగాది సభనాడు మా చిన్న బృందము తీసిన ఆకాశపు ఛాయాచిత్రములు కొన్ని హాలు గోడకు తగిలించినాము. పచ్చడి పుచ్చుకొని వచ్చినవారందరు చూచి మెచ్చుకొన్నారు. ఒక అవ్వ మాత్రము కళ్ళజోడు సవరించుకొని, క్యారినా నీహారిక పటము ముందర చాలాసేపు నిలబడి, "ఈ ఎరుపు మీరు పూసినదే గదా నాయనా? డెబ్బై ఏండ్లుగా ఈ ఆకాశము కింద బ్రతుకుతున్నాను, ఇంత ఎరుపు ఎన్నడు చూడలేదే" అని అడిగినది. మేము నవ్వి ఊరకున్నాము. నవ్వినామే గాని, సమాధానము మా నోట రాలేదు. ఒక్క మాటలో తేలేది కాదది. అందుచేత ఆ అవ్వ కొరకే ఈ వ్యాసము వ్రాస్తున్నాము. తక్కిన పాఠక మహాశయులు కూడ చిత్తగింతురు గాక.

ముందు మా పద్ధతి చెప్పుకొందాము. మావి గొప్ప పరికరములు కావు. పెండ్లిండ్లకు వాడే కెమేరా, 200 మిల్లీమీటర్ల లెన్సు, ముక్కాలిపీట, దానిమీద గడియారమువలె తిరిగే చిన్న మోటారు, ఇంతే. మోటారు ఎందుకంటే, భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతున్నది. కెమేరాను కదలకుండా నిలిపి, ఆ లెన్సుతో రెండు మూడు సెకన్లకు మించి తెరచి ఉంచితే చుక్క చుక్కగా పడదు, గీతగా పడుతుంది. నీహారికలవంటి మసక వస్తువులకు రెండు సెకన్ల వెలుగు ఏ మూలకు చాలును? కనుక భూమి తిరిగే వేగానికి ఎదురుగా కెమేరాను త్రిప్పవలెను. త్రిప్పే ఇరుసు భూమి ఇరుసుకు సరిగా సమాంతరముగా ఉండవలెను. ఉత్తర దేశములవారికి ఇది సులభము. వారికి ధ్రువ నక్షత్రమున్నది. ఇరుసును దానివైపు గురిచూస్తే పని ముక్కాలువాసి ముగిసినట్లే.

మనకు ధ్రువుడు లేడు. డర్బన్ నగరము భూమధ్యరేఖకు దక్షిణాన దాదాపు 30 డిగ్రీలలో ఉన్నది గనుక ధ్రువుడు ఎల్లప్పుడు ఉత్తర దిగంతము క్రిందనే, అంతే లోతున ఉంటాడు. పెండ్లిలో పురోహితుడు వధూవరులకు చూపే అరుంధతి సంగతి కొంత మేలు. ఆమె మే నెల రాత్రులలో ఉత్తరాన దిగంతమునకు అయిదు డిగ్రీలు పైకి వచ్చి తొంగిచూచి పోతుంది. మన హాళ్ళలో పురోహితుడు చూపేది పైకప్పునే అని వేరే చెప్పవలెనా!

దక్షిణ ధ్రువస్థానమున చెప్పుకోదగిన చుక్క లేదు. అక్కడికి ఒక డిగ్రీ దూరములో సిగ్మా ఆక్టాంటిస్ అనే మినుకుచుక్క ఉన్నది. దాని ప్రకాశము 5.4, చీకటి పల్లెలో కూడ కంటికి ఆనీ ఆనదు. దక్షిణ శిలువ నిడుపును నాలుగున్నర రెట్లు పొడిగిస్తే ఇంచుమించు ఆ ఖాళీ చోటు తెలుస్తుంది. ఇంచుమించు అన్నది తోవ చూచుకొనుటకు చాలును గాని ఛాయాచిత్రానికి చాలదు.

మొదటి యేడు మేము డ్రేకెన్స్‌బర్గ్ కొండల అడుగున రాత్రియంతా చలిలో నిలబడి నూటికి పైగా పటములు తీసినాము. తెల్లవారి చూచుకొంటే చుక్కలన్నీ చిక్కుడు గింజలు! కారణము తరువాత తెలిసినది. మేము దిక్సూచిని నమ్మినాము. మన ప్రాంతములో దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరమునకు సుమారు 25 డిగ్రీలు పడమరగా చూపుతుంది. అంటే అది చూపే దక్షిణము అంతే తూర్పుగా తప్పిపోయినది. ఈ తేడా పటముల అంచున అచ్చువేసే ఉంటుంది. చదివినవాడు మాలో ఒక్కడును లేడు. ఇప్పుడు తంతు వేరు. సన్నని తీగ అడ్డుగా ఉన్న కంటికటకములో ఒక చుక్కను నిలిపి, అది తీగనుండి పైకి జారుతున్నదా, క్రిందికి జారుతున్నదా అని కనిపెట్టి, ఇరుసును వెంట్రుకవాసి అటునిటు త్రిప్పుతూ అరగంట కూర్చుంటాము. ఈనాడు చిన్న కంప్యూటరు ఒక పటము తీసి, నక్షత్ర పట్టికతో పోల్చి, ఎంత త్రిప్పవలెనో నిమిషములో చెప్పగలదు. మా కుర్రవాళ్ళు దానినే వాడుతారు. పెద్దవాళ్ళము మాత్రము తీగనే నమ్ముతాము.

ఒక్క పటము నిమిషముసేపు తీసి ఊరుకొనము. అటువంటివి తొంభై, నూరు తీసి ఒకదానిపై ఒకటి పేర్చి సగటు కడతాము. నీహారిక వెలుగు ప్రతి పటములోను ఒకేచోట ఉంటుంది. కెమేరా తనంతట తాను పుట్టించే గరుకు మాత్రము ఒక్కొక్కసారి ఒక్కొక్కచోట పడుతుంది. సగటులో గరుకు కరగిపోయి వెలుగు నిలుస్తుంది. అయితే నూరు పటములు కలిపితే మెరుగు నూరింతలు కాదు, పదింతలే. ఇంకొక పదింతలు కావలెనంటే పదివేల పటములు కావలెను! పిసినారి లెక్క ఇది. లెన్సుకు మూత పెట్టి కొన్ని చీకటి పటములు, లెన్సుపై తెల్ల పంచె బిగించి ఉదయపు ఆకాశమునకు ఎత్తి కొన్ని తెల్ల పటములు కూడ తీస్తాము. మొదటివి కెమేరా దోషములను, రెండవవి లెన్సుపై దుమ్మును, అంచుల మసకను తీసివేయుటకు.

ఈ విద్య మన దేశమునకు క్రొత్త కాదు. 1882 సెప్టెంబరులో పగటివేళ కూడ సూర్యుని ప్రక్కన కనబడేటంత తేజస్సుతో ఒక తోకచుక్క వచ్చినది. కేప్ వేధశాల అధిపతి డేవిడ్ గిల్, మోబ్రే గ్రామపు ఫోటోగ్రాఫరు అల్లిస్ అనే ఆయనను పిలిపించి, మనుష్యుల ముఖములు తీసే సాధారణ కెమేరాను టెలిస్కోపుకు కట్టించినాడు. టెలిస్కోపు తోకచుక్కను అనుసరించినది, కెమేరా దాని వెంట పోయినది. ఫలకములు కడిగి చూచినప్పుడు తోకచుక్కకన్న వెనుకనున్న నక్షత్రములు గిల్‌ను ఎక్కువగా ఆశ్చర్యపరచినవి. అన్ని చుక్కలు ఒకేసారి ఫలకమున పడగలవని అప్పుడు తేలినది. ఆ ఆలోచననుండియే గిల్, హాలెండులోని కాప్టెయిన్ కలిసి దక్షిణాకాశములోని 4,54,875 నక్షత్రముల పట్టిక తయారుచేసినారు. ఊరి ఫోటోగ్రాఫరు కెమేరాతో మొదలైన పని అది.

ఆ తోకచుక్క తెల్లవారుజామున తూర్పున లేచేది. నాటాల్ చెరకు తోటలకు మనవారు వచ్చి అప్పటికి ఇరువది రెండేండ్లు. చీకటితోనే పనికి బయలుదేరిన మన ముత్తాతలు దానిని చూడకుండా ఉండి ఉంటారా? ఏమనుకొన్నారో వ్రాసిపెట్టినవారు లేరు.

ఔత్సాహికులలో మనము మరువరానివాడు ప్రిటోరియాకు చెందిన జాక్ బెన్నెట్. 1968లో ఎం 83 అనే గెలాక్సీలో ప్రేలిన నక్షత్రమును కంటితో చూచి పట్టుకొన్నాడు. 1969 డిసెంబరు 28న, అతి ఓర్పుతో వెదకగా, తన పేరు మోసిన తోకచుక్క దొరకినది. 1970 మార్చి, ఏప్రిల్ నెలలలో లోకమంతా దానిని చూచినది. తోకచుక్క అని భ్రమపెట్టే దక్షిణాకాశపు మసక వస్తువులు 152 ఆయన పట్టిక వేసినాడు. క్రొత్తగా చేరినవారికి మేము మొదట చేతికిచ్చేది ఆ పట్టికనే.

ఇక ఎరుపు సంగతి. క్యారినా నీహారిక మనకు ఏడువేల అయిదువందల కాంతి సంవత్సరముల దూరమున ఉన్నదని అంచనా. ఆకాశములో దాని వెడల్పు చంద్రబింబమునకు నాలుగింతలు. విశాఖపట్నము తీరమున అది దక్షిణాన చెట్ల కొమ్మలకు పైన కొద్దిగా కనబడి దిగిపోతుంది. ఇక్కడ ఆకాశములో చాల ఎత్తుకు ఎక్కుతుంది. అగస్త్యుడూ అంతే. పాలవెల్లి నడిబొడ్డు శీతకాలపు రాత్రులలో సరిగా మన తలమీదుగా పోతుంది. మెజెల్లాన్ మేఘములనే రెండు చిన్న గెలాక్సీలు మన పూర్వుల ఊళ్ళలో దిగంతపు మసకలో మునిగి ఉండేవి. ఇక్కడ వేసవి రాత్రులలో ఏ పనిముట్టూ లేకుండా చూడవచ్చును. క్యారినా గర్భమున ఈటా అనే నక్షత్రమున్నది. కేప్‌లో ఉన్న జాన్ హెర్షెల్ 1837 డిసెంబరులో అది హఠాత్తుగా వెలగడము చూచినాడు. 1843లో లుబ్ధకము తరువాత అదే ఆకాశములో రెండవది! మన ఓడలు రావడము మొదలైన ఆ దశాబ్దములో అది కంటికి కనబడకుండ పోయినది. ఇప్పుడు మరల మసకగా కనబడుతున్నది.

ఆ మేఘములో ఉన్నది ముఖ్యముగా హైడ్రోజన్. వేడి నక్షత్రముల ధాటికి అది ఎర్రని కాంతిని, 656 నానోమీటర్ల అలను, విడుస్తుంది. అంటే ఎరుపు అక్కడ నిజముగా ఉన్నది. మన కంటికి ఎందుకు కనబడదంటే, చీకటిలో పనిచేసే కంటి కణములకు రంగుల జ్ఞానము లేదు, ఎరుపంటే మరీ లేదు. పైగా కన్ను వెలుగును కూడబెట్టుకోలేదు. కెమేరా కూడబెట్టగలదు. కాని అంగడి కెమేరాలోపల ఎరుపును చాలావరకు అడ్డగించే అద్దము ఒకటి ఉంటుంది. మా మిత్రుడొకడు దానిని తీయించినాడు. కనుక అవ్వా, మేము ఎరుపు పూయలేదు, అడ్డుతెర తొలగించినాము. అయితే దాచనేల, ఆ ఎరుపును కంప్యూటరులో కొంత గాఢము చేసిన మాట నిజము.

అవ్వ ప్రక్క పటమును గూర్చి అడిగి ఉంటే మేము తల వంచుకోవలసి వచ్చేది. అది గంధకము, హైడ్రోజన్, ఆక్సిజన్ కాంతులను వేరువేరుగా పట్టి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు కేటాయించి కలిపినది. అందులో హైడ్రోజన్ ఆకుపచ్చ! శాస్త్రజ్ఞులు కూడ ఆ పద్ధతి వాడుతారు, తప్పు లేదు. కాని ఆ మాట పటము క్రింద వ్రాయకపోవడము తప్పే. ఇంకొక కుర్రవాడు ఒకనాటి తోకచుక్కను వేరొకనాటి గోపురముపై అతికించి తెచ్చినాడు. చూడ ముచ్చటగానే ఉన్నది. దానిని గోడ దించివేసినాము. వాడు రెండు వారములు మాతో మాట్లాడలేదు.

తోకచుక్కలలో ఇంకొక చిక్కు ఉన్నది. అవి చుక్కల నడుమ కదలిపోతుంటాయి. చుక్కలను పేర్చితే తోకచుక్క చెదరుతుంది, తోకచుక్కను పేర్చితే చుక్కలు సాగుతాయి. రెండు విధములా పేర్చి కలపవలెను. 2024 సెప్టెంబరు చివర సూచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క, 1882 నాటిదానివలెనే తెల్లవారుజామున తూర్పున వచ్చినది. చెరకు గట్టుమీద రెండు ఉదయములు మబ్బు. మూడవనాడు మబ్బు లేదు గాని దూరాన తోట తగులబెట్టినారు. చెరకాకు మసి నల్లని మంచువలె రాలి లెన్సుమీద పడినది. తుడుచుకొంటూ, వెలుగు రాకముందే రెండేసి సెకన్ల పటములు నలుబది తీసినాము. ఒక్కటి నిలిచినది. ఉగాదినాడు మూలన ఉన్న చిన్న పటము అదే. ఎవరును దానిని గమనించలేదు.

రాత్రి ఎన్నుకొనుటకు మాకు వంటింటి గోడమీది పంచాంగమే ఆధారము. అమావాస్యకు బయటికి పోవద్దని ఇంటివారు అంటారు. మాకు అదే పండుగ. సముద్రతీరపు ఊళ్ళ దీపములు ఏటేట పెరిగి ఉత్తరాన ఆకాశము నారింజ రంగుకు తిరిగినది. తాతలనాడు తోట బారకుల గడపలో నిలబడి చూచినదానికి మేమిప్పుడు రెండు గంటలు కారులో పోవలెను.

తరువాతి అమావాస్యకు అవ్వను, ఆమె మనుమరాలిని వెంటబెట్టుకొని పోయినాము. బైనాక్యులరు అందించి దక్షిణ శిలువకు కుడిప్రక్కన చూపినాము. "బూడిద కుప్పవలె ఉన్నది, ఎరుపెక్కడ?" అన్నది. కెమేరా నిమిషముసేపు తెరచినాము. వెనుక తెరమీద ఎరుపు లేచినది. అవ్వ తెరను చూచినది, ఆకాశమును చూచినది, మరల తెరను చూచినది. "ఇంకొకటి తియ్యి నాయనా, నేను లెక్కపెడతాను" అన్నది. చీకటిలో ఒకటి, రెండు, మూడు అని అరవైవరకు పైకి లెక్కపెట్టినది. మనుమరాలు ఇరువదివరకు కూడ వచ్చినది.