తీగ తొడుగులోని జాప్యము

నూతికడ మోటారునకు పోవు రాగితీగను మీరు చూచియే యుందురు. దాని మీది తొడుగు విద్యుత్తును వెలికి పోనీయదు గనుక, దానికిని విద్యుత్తునకును సంబంధమే లేదని నేను చిరకాలము తలచితిని. అది పొరపాటు.

ఆ తొడుగు సాధారణముగా పి.వి.సి. అను పాలిమరు. పాలిమరనగా చిన్న అణువులు వేలకొలది గొలుసువలె కూడిన పెద్ద అణువు. పి.వి.సి. గొలుసు పొడవునను క్లోరిను పరమాణువులు వ్రేలాడుచుండును. క్లోరిను వైపు కొంచెము ఋణము, ఆవలి వైపు కొంచెము ధనము. విద్యుత్తు సోకగానే ఈ భాగములు దాని ననుసరించి తిరుగ యత్నించును. కాని చిక్కుపడిన ప్రక్క గొలుసు లడ్డగించుటచే జాగు కలుగును. దీనికే రిలాక్సేషన్ అని పేరు.

బెల్లపు పాకములో గరిటె త్రిప్పినవారి కిది క్రొత్త గాదు. కాగు పాకమున గరిటె సుళువుగా తిరుగును; చల్లారినకొలది బరువెక్కును; గట్టిపడిన పిమ్మట కదలదు. ఏ మెత్తని ద్రవ్యమును కలుపని పి.వి.సి. యొక్క బిగువు సుమారు 80 డిగ్రీల సెంటిగ్రేడు కడ సడలును.

దీనిని కొలుచు టెట్లు? పలుచని పొరను రెండు లోహపు బిళ్ళల నడుమ నుంచి, దిశ మార్చుచుండు విద్యుత్తును పంపుదుము. మెల్లగా మార్చినచో గొలుసులు వెంబడించును. అతివేగముగా మార్చినచో కదలక యూరకుండును. నడిమి వేగమున వెంబడింపబోయి వెనుకబడును. అప్పుడే విద్యుత్తు కొంత వేడిగా మారి వ్యర్థమగును. ఆ నష్టము మిక్కుటమైన వేగమును బట్టి గొలుసుల జాప్యకాలము తెలియును. ఆయా అణువుల జాప్య మొక్కటియే యైనచో నష్టపు శిఖర మెంత సన్ననిదో డిబై పండితుడు గణించెను. పాలిమరుల శిఖరము దానికంటె చాల వెడల్పు. ఒక్కొక్క గొలుసుభాగ మొక్కొక్క చిక్కులో నుండుట దానికి ముఖ్యకారణము. జర్మనీలో కోల్‌రౌష్ 1854లో గాజుజాడీ నుండి మెల్లగా జారు విద్యుత్తునకు కూర్చిన సూత్రమే నేడు పాలిమరులకును పనికివచ్చుట నాకు వింతగా దోచును.

ఒక వానకాలమున నైలాను పొరను కొలువగా నెన్నడు నెరుగని శిఖర మొకటి కనబడెను. రెండు వారములు పొంగిపోతిని. పొరను బాగుగా నారబెట్టి మరల కొలిచితిని, శిఖరము మాయమయ్యెను! నైలాను గాలిలోని తేమను పీల్చుకొను నని మరచితిని. నాటినుండి ఆరబెట్టని పొరను బిళ్ళల నడుమ నుంచుట మానితిని.

మోటారు తీగలో విద్యుత్తు సెకనుకు 50 పర్యాయములే ఆవర్తించును గనుక తొడుగులో పుట్టు వేడి యత్యల్పము. సెకనుకు కోట్లకొలది పర్యాయము లావర్తించు రేడియో సంకేతముల సంగతి వేరు. 1933లో ఇంగ్లండున కనుగొనబడిన పాలిథీనులో ధన ఋణములు సమతూకమున నుండును. నష్టము మిక్కిలి స్వల్పము. అందుచేతనే రెండవ ప్రపంచయుద్ధమున రాడారు తీగలకు దానినే తొడిగిరి.